కౌలుదారుకు వచ్చిన తుపాను డబ్బులో మాకు వాటా ఉందా?

ప్రశ్న: మేము అట్లాంటాలో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులమే. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది, అంటే 2021లో, దక్షిణ జార్జియాలోని ఒక పల్లెటూరి కౌంటీలో 60 ఎకరాలు కొన్నాం. 40 ఎకరాలు అక్కడి పెద్దాయన ఒకరికి ఎకరాకు 110 డాలర్ల చొప్పున కౌలుకిచ్చాం. పత్తి, వేరుశనగ వేస్తాడు. 18 ఎకరాల పెకాన్ గింజల తోట మాత్రం మేమే చూసుకుంటున్నాం. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ వచ్చినప్పుడు తోటలో 216 చెట్లకు 70 కూలిపోయాయి. తర్వాతి వారం నేను అక్కడి వ్యవసాయ ఆఫీసుకు వెళ్లి అడిగితే, ఇన్సూరెన్స్ లేదు కదా, మీకేమీ రాదు అని పంపేశారు. ఊరుకున్నాం. ఈమధ్య మా ఆడపడుచు భర్త ఇంటర్నెట్‌లో వెతికి, మా కౌలుదారుకు ప్రభుత్వం నుంచి 41 వేల డాలర్లు వచ్చాయని చూపించారు. నేల మనది, డబ్బు అతనికా, వాటా అడగాల్సిందే అంటున్నారు ఆ అన్నయ్యగారు. అవసరమైతే కౌలు కాగితం పాత తేదీతో, పంటలో వాటా ఉన్నట్టు మళ్లీ రాయించుకోవచ్చని కూడా అంటున్నారు. మా ఆయన సగం ఒప్పుకున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఆ పెద్దాయన మంచివాడే, తుపాను అయిన మూడో రోజున తన లోడర్ తెచ్చి మా దారి ఖాళీ చేసి వెళ్లాడు. అడగాలా, వద్దా? మా చెట్లకు నిజంగా ఏమీ రాదా?
— ఓ పాఠకురాలు, అట్లాంటా

సమాధానం:

అమ్మా, ముందు మీ మనసుకు పట్టిన ముల్లు తీసేస్తాను. ఆ 41 వేలలో మీకు వాటా లేదు. అడగొద్దు. పాత తేదీతో కాగితం రాయించే ఆలోచన మీ ఇంట్లో ఎవరికి వచ్చినా అక్కడే తుంచేయండి. మీ చెట్ల సంగతి మాత్రం వేరు. ‘మీకేమీ రాదు’ అని ఆ రోజు మీతో అన్నమాట తప్పు. దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది అదే.

నేను పదిహేనేళ్లుగా ఇదే రాష్ట్రంలో పంట బీమా కంపెనీల తరఫున నష్టం అంచనా వేసే పని చేస్తున్నాను. హెలీన్ సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటి, తెల్లారేలోపు జార్జియా మీదుగా పోయింది. ఆ తర్వాత నెలన్నర నేను ఇంట్లో సరిగా అన్నం తిన్నది లేదు. పత్తి అప్పటికి కాయ పగిలి తెల్లగా విచ్చుకుని ఉంది. గాలికి ఆ దూది కాయలోంచి తాడులా సాగి, కిందికి వేలాడి, తడిసి, మట్టి కొట్టుకుపోయింది. దాన్ని మిషన్ తీయలేదు. ఒక్కో చాలులో పది అడుగులు కొలిచి, నేల మీద పడ్డ దూది ఏరి, సంచిలో వేసి తూకం వేస్తుంటే పక్కన రైతు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవాడు. ఒక్క మాట ఉండేది కాదు. మీ కౌలుదారు చేను కూడా అదే దారిలో ఉంటే ఆయన చూసింది అదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీకు ఆ ఏడాది కౌలు పూర్తిగా ముట్టిందా? ముట్టే ఉంటుంది, లేకపోతే మీరు ఉత్తరంలో రాసేవారు. ఎకరాకు 110 చొప్పున 40 ఎకరాలకు 4,400 డాలర్లు. దూది నేలపాలైనా, జిన్నుకు చేరినా, మీకు ఆ 4,400లో ఒక్క సెంటు తగ్గలేదు. విత్తనం, ఎరువు, మందులు, డీజిలు, జిన్నింగ్, బ్యాంకు అప్పు అన్నీ ఆయన నెత్తిన. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ నిబంధన ఒకటే చూస్తుంది: పంట పోతే ఎవరి జేబు చిరుగుతుంది? నగదు కౌలు తీసుకునే భూస్వామికి పంటలో రిస్కు లేదు, కాబట్టి పంట నష్టం సొమ్ములో భాగం లేదు. అదే పంటలో నాలుగో వంతు మీరు, మూడు వంతులు ఆయన అని వాటా కౌలు ఉండి ఉంటే, నష్టపరిహారం కూడా అదే వాటాల్లో ఇద్దరి పేరునా విడివిడిగా వచ్చేది. కానీ అప్పుడు మీకు ఆ ఏడాది కౌలు కింద వచ్చేది కూడా తడిసిన దూదిలో నాలుగో వంతే.

ఇక ఆ 41 వేల అంకె. మీ అన్నయ్యగారు చూసింది ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ పెట్టిన జాబితా అయి ఉంటుంది. 1995 నుంచి ఏ కౌంటీలో ఎవరికి ఎంత సబ్సిడీ, ఎంత విపత్తు సాయం వచ్చిందో వాళ్లు పేర్లతో సహా పెడతారు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు కాబట్టి ఆ సమాచారం బహిరంగం. పల్లె కౌంటీల్లో ఈ జాబితా తెచ్చే తంటా అంతా ఇంతా కాదు. చర్చి బయట, ఫీడ్ షాపులో, గుసగుసలు. చిక్కేమిటంటే అందులో వచ్చిన డబ్బు కనిపిస్తుంది, పోయిన పంట కనిపించదు. ఎవరు ఎన్ని ఎకరాలు చేస్తున్నారన్న వివరం చట్టమే దాచిపెట్టింది. మీ పెద్దాయన మీ 40 ఎకరాలతోనే బతకడు కదా. ఆ ప్రాంతంలో పత్తి, వేరుశనగ చేసేవాళ్లు వందల ఎకరాల్లో చేస్తారు. ఆయనకు అంతా కలిపి 600 ఎకరాలు ఉన్నాయనుకుందాం. 41 వేలను 600తో భాగిస్తే ఎకరాకు 68 డాలర్లు. మీ 40 ఎకరాల వంతు దాదాపు 2,700. అంటే మీ నేల మీద ఆయనకు వచ్చిన సాయం, ఆయన మీకు కట్టిన కౌలుకన్నా తక్కువ! ఎకరాలు నేను ఊహించినవే. కానీ మీరు ఆయన్ని అడిగితే వచ్చే అంకె ఇంతకు మరీ దూరంగా ఉండదు.

ఆ డబ్బు ఎలా వచ్చిందో కూడా తెలుసుకుంటే మంచిది. 2023, 2024 సంవత్సరాల్లో తుపాన్లు, కరువు, కార్చిచ్చు వంటి వాటికి పంటలు నష్టపోయిన రైతులకు అమెరికా కాంగ్రెస్ 2024 డిసెంబరులో సుమారు 3,078 కోట్ల డాలర్లు కేటాయించింది. దాన్లోంచి వ్యవసాయ శాఖ 2025 జులైలో అనుబంధ విపత్తు సాయం మొదలుపెట్టింది. మొదటి విడత ఎవరికి? అప్పటికే పంట బీమా కట్టి, క్లెయిమ్ అందుకున్నవాళ్లకు. బీమా కంపెనీల దగ్గరున్న లెక్కలు తీసుకుని, దరఖాస్తు వాళ్లే నింపి, పోస్టులో ఇంటికి పంపారు. రైతు సరిచూసి సంతకం పెట్టి తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు కూడా లెక్కకట్టిన మొత్తంలో మొదట 35 శాతమే ఇచ్చారు. పైగా డబ్బు తీసుకున్నవాడు రాబోయే రెండేళ్లు తప్పనిసరిగా బీమా కట్టాలని షరతు. వచ్చినదాని మీద ఆదాయపు పన్ను సరేసరి.

చూశారా, ఈ దేశంలో విపత్తు సాయం నడిచే తీరు మనకు అలవాటైన దానికి తలకిందులు. మన దగ్గర తుపాను వచ్చాక మనుషులు చేనుకొస్తారు, ఎన్యూమరేషన్ చేస్తారు, 33 శాతం దాటి నష్టముంటే హెక్టారుకు ఇంత అని ఇన్‌పుట్ సబ్సిడీ, అదీ రెండు హెక్టార్ల వరకు. పంట రకాన్ని బట్టి ముందే ఖరారైన రేటు, మీ పెట్టుబడి ఎంతైనా అదే. ఇక్కడ తుపాను వచ్చాక చేసే పని తక్కువ. తుపాను రాకముందు మీరు ఆఫీసులో ఏం కాగితం పెట్టారు, ఎన్ని ఎకరాల్లో ఏం వేశామని రాసిచ్చారు, బీమా కట్టారా లేదా, దాని మీదే తొంభై పాళ్లు తేలిపోతుంది. మీ కౌలుదారుకు డబ్బొచ్చింది పలుకుబడితో అనుకుంటున్నారేమో. ఆయన ఏటా వేసవిలో వెళ్లి ఎకరాల రిపోర్టు రాయించుకుంటాడు, అంతే.

పాత తేదీ కాగితం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఎకరాల రిపోర్టులో పంటలో ఎవరి వాటా ఎంతో ముందే రాసి ఉంటుంది. అందులో మీ కౌలుదారుకు నూటికి నూరు పాళ్లు అని ఉంది. ఇప్పుడు మీరు వేరే కాగితం చూపిస్తే, ఆయన సమాఖ్య ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చాడని మీరే సాక్ష్యమిచ్చినట్టు. తిరిగి కట్టాల్సింది ఆయనే, కానీ దొంగ కాగితం మీద మీ సంతకం కూడా ఉంటుంది. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు, రేపు పౌరసత్వానికి వెళ్లేవాళ్లు, 2,700 డాలర్ల కోసం చేసే పనేనా ఇది? మీ ఆయనకు ఈ పేరా ఒక్కటి చదివి వినిపించండి.

నాకు ఈ విషయంలో కొంచెం పట్టింపు ఎక్కువ. కారణం ఉంది. మాది కోనసీమ. 1996 నవంబరు 6 తుపాను నాటికి నేను ఊళ్లోనే ఉన్నాను. తెల్లారి బయటికొస్తే కొబ్బరితోట మొత్తం ఒకే పక్కకు, దువ్వెనతో దువ్వినట్టు పడి ఉంది. సార్వా వరి నీళ్లలో చాపలా పరుచుకుంది. మా మూడెకరాలు ఒకాయన శిస్తుకు చేసేవాడు. నష్టపరిహారం రికార్డుల్లో ఉన్న పేరు మీద వచ్చింది, అంటే మా నాన్నగారి పేరు మీద. ఆయన తీసుకున్నారు. అది దొంగతనం కాదు, అప్పటికి లోకం తీరే అంత. కౌలాయన ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలు విప్పి, మడతపెట్టి, మళ్లీ విప్పి. వాన గురించి మాట్లాడాడు, మా దూడ గురించి మాట్లాడాడు. డబ్బు ఊసు ఎత్తలేదు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన వెళ్లాక నాన్నగారు ‘ఈ ఏడు శిస్తులో రెండు బస్తాలు తగ్గిద్దాంలే’ అన్నారు. అమ్మ గ్లాసు తీసి లోపలికి పోతూ ‘ఏ వడ్లలోంచి తగ్గిస్తారు, వడ్లేవీ?’ అంది. నాన్నగారు పేపరు తిరగేశారు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ పరిహారంలోంచే నా ఫీజు కట్టారు.

ఇప్పటికీ మన దగ్గర ఇది పూర్తిగా తెగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ కార్డు ఉంటే పరిహారం సాగుచేసినవాడికే రావాలి. కానీ కార్డుకు భూయజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. ఇక్కడ జార్జియాలో ఆ ఒక్క సంగతి మాత్రం సరిగా ఉంది. దాన్ని మన అలవాటు పట్టుకొచ్చి మనమే చెడగొట్టకూడదు కదా.

సరే, మీ తోట సంగతికొద్దాం.

పంట నష్టం వేరు, చెట్టు నష్టం వేరు. పంట నష్టానికి బీమా అడుగుతారు, నిజమే. కానీ చనిపోయిన పండ్లచెట్ల కోసం ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ దగ్గర, అంటే మీరు వెళ్లిన ఆ వ్యవసాయ ఆఫీసులోనే, చెట్ల సహాయ పథకం ఒకటి విడిగా ఉంది. టీఏపీ అంటే అక్కడ అందరికీ తెలుస్తుంది. దీనికి పంట బీమా ఉండి తీరాలన్న నిబంధన లేదు. అమ్మకం కోసం కాయలు పండించే తోటయితే చాలు. పెకాన్ నిక్షేపంగా వస్తుంది. మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటకూడదు, పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు ఉండాలి. ఈ రెండు షరతులకూ మీరు సరిపోతారు.

ఎంత వస్తుందో చూసి నీరసపడకండి. హెలీన్ నాటి నిబంధన ప్రకారం, మామూలుగా ఏటా చచ్చే చెట్లను మినహాయించి, ఆ పైన 15 శాతం దాటిన నష్టానికే సాయం. మీ 216లో 15 శాతం అంటే 32 చెట్లు. మామూలుగా చచ్చేవి కూడా కలిపి 40 పక్కన పెట్టారనుకుందాం. 70లోంచి 40 పోతే 30 చెట్లకు లెక్క. మళ్లీ నాటే ఖర్చులో మామూలుగా 65 శాతం, మీలా వ్యవసాయంలోకి వచ్చి పదేళ్లు దాటనివాళ్లకు 75 శాతం ఇస్తారు. మొక్క, గొయ్యి, కూలీ కలిపి చెట్టుకు 100 డాలర్లు అనుకుంటే 75 డాలర్ల చొప్పున 2,250. నలభై ఏళ్ల చెట్టు పోతే మొక్క ఖరీదు ఇస్తారన్నమాట. కొబ్బరిచెట్టు పోతే కొబ్బరిమొక్క ఇచ్చినట్టు. కానీ ఇందులోనే ఇంకో భాగముంది. కూలిన చెట్లు తీయించడానికి, విరిగినవాటిని కత్తిరించి నిలబెట్టడానికి అయిన ఖర్చులో మామూలుగా సగం, మీలాంటి కొత్త రైతులకు 75 శాతం కూడా, ఆ పరిమితి దాటిన మేరకు, ఇస్తారు. పెద్ద పెకాన్ వేరుతో సహా లేపి పడితే మిషన్‌కు ఎంత తీసుకుంటారో మీకే తెలుసు. అసలు డబ్బు అక్కడుంది. ఆ బిల్లులు ఉన్నాయా?

గడువు దాటిపోయింది కదా అంటారు. దాటింది. అయితే మీరు గడువు లోపలే, తుపాను అయిన తర్వాతి వారమే, ఆఫీసుకు వెళ్లారు. అడిగారు. తప్పు సమాధానం విని వెనక్కి వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. ఆ ఏజెన్సీ ఉద్యోగి ఇచ్చిన తప్పు సమాచారాన్ని నమ్మి రైతు నష్టపోతే ఊరట ఇవ్వడానికి వాళ్ల నిబంధనల్లోనే ఒక దారి ఉంది. ఇంగ్లిషులో ఈక్విటబుల్ రిలీఫ్ అంటారు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల విచక్షణే, నేను హామీ ఇవ్వలేను. కానీ అడగకుండా వదిలే కేసు కాదిది.

దానికి ముందు మీ దగ్గర ఒక కాగితం ఉందేమో చూడాలి. 2014 వ్యవసాయ చట్టం తర్వాత, ఆ ఆఫీసుకు వచ్చి సమాచారం గానీ సహాయం గానీ అడిగిన ప్రతి రైతుకూ రసీదు ఇవ్వాలి. రిసీట్ ఫర్ సర్వీస్ అని ఉంటుంది పైన. ఏ తేదీన వచ్చారు, ఏమడిగారు, ఏం చెప్పారు, అన్నీ అందులో ఉంటాయి. చాలామంది అది పార్కింగ్ రసీదనుకుని కారు డ్యాష్‌బోర్డు మీద పడేస్తారు. కొన్నిసార్లు ఈమెయిల్‌కు పంపుతారు. ఆ అక్టోబరు తేదీలు పెట్టి మీ మెయిల్ వెతకండి, స్పామ్‌తో సహా. అసలు ఇవ్వలేదంటారా? అయినా ఆ రోజు మీరు అక్కడికి వెళ్లిన రుజువు ఫోనులో ఉంటుంది: లొకేషన్ హిస్టరీ, పెట్రోలు బంకు బిల్లు, మీ ఆయనకు ‘ఏమీ రాదంట’ అని పెట్టిన మెసేజ్. ఆ మెసేజ్ పెట్టే ఉంటారు!

ఇక మీరు చేయాల్సింది ఇది. ఆఫీసుకు ఫోను చేసి అపాయింట్‌మెంటు తీసుకోండి. వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర నిలబడి ‘మాకు వస్తుందా’ అని అడగొద్దు. అలా అడిగితే నోటిమాటే జవాబు, నోటిమాట మీద అప్పీలు లేదు. టీఏపీ దరఖాస్తు నింపి ఇస్తాను, ఆలస్యానికి కారణం ఈ ఉత్తరంలో ఉంది, ఒప్పుకున్నా తోసిపుచ్చినా రాతపూర్వకంగా ఇవ్వండి అని చెప్పండి. గొంతు పెంచనక్కర్లేదు. చిన్న కౌంటీల్లో ఆ బల్ల వెనక ఇద్దరో ముగ్గురో ఉంటారు, హెలీన్ తర్వాత వాళ్ల ఇళ్ల మీద కూడా చెట్లు పడ్డాయి. మీకు తప్పు చెప్పినమ్మాయి ఆ వారం ఎంతమందికి ఏం చెప్పిందో ఆమెకే గుర్తుండదు. రాతపూర్వకంగా ‘లేదు’ అని వస్తే, ఆ కాగితం అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. అదే ఆఫీసు కౌంటీ కమిటీని మళ్లీ చూడమనొచ్చు, లేదా నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కు నేరుగా వెళ్లొచ్చు. దానికి లాయరు అక్కర్లేదు.

కౌంటీ కమిటీ అన్నానుగా, అది ఈ దేశంలో నాకు ఇప్పటికీ వింతగా అనిపించే ఏర్పాటు. ఎవరో ఆఫీసర్లు కాదు, మూడు నుంచి పదకొండు మంది వరకు స్థానిక రైతులే, రైతుల ఓట్లతో ఎన్నికై కూర్చుంటారు. మూడేళ్ల పదవి. నవంబరులో బ్యాలెట్ పోస్టులో వస్తుంది. మీ తోటకు ఆ ఆఫీసులో ఫార్మ్ నంబరు ఉండి, రికార్డుల్లో మీ పేరుంటే మీకూ రావాలి. వస్తోందా? ఒక్కసారి కూడా రాకపోతే మీ పేరు ఎక్కడో సరిగా ఎక్కలేదేమో, ముందు అది చూసుకోండి. ఇంకో సంగతి. మీ కౌలుదారు ఆ కమిటీలో ఉన్నా ఉండొచ్చు, లేకపోతే ఆయన తమ్ముడో, వియ్యంకుడో. 159 కౌంటీలున్న రాష్ట్రం ఇది, టెక్సస్ తర్వాత దేశంలో ఇన్ని మరెక్కడా లేవు. కౌంటీ చిన్నది, అందరికీ అందరూ తెలుసు. ఇది దృష్టిలో పెట్టుకునైనా ఆయన దగ్గర వాటా ప్రస్తావన తేవద్దని మీ అన్నయ్యగారికి చెప్పండి.

రుజువుల మాట. కూలిన చెట్లను ఫొటో తీయకుండానే కోసి, కుప్పపెట్టి తగలబెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. మీరూ అంతేనా? అయినా దారి ఉంది. తోట పైనుంచి తీసిన శాటిలైట్ చిత్రాలు తుపానుకు ముందువి, తర్వాతవి గూగుల్ ఎర్త్‌లో తేదీల వారీగా దొరకొచ్చు. అరవై అడుగులకొకటి చొప్పున నాటిన పాత తోటలో, ఎకరాకు పన్నెండే చెట్లు కాబట్టి, ఒక్కో ఖాళీ స్పష్టంగా కనబడుతుంది, పన్ను ఊడిన నోరులాగా. నేల మీద మొద్దులు, గుంతలు ఇంకా ఉంటే అవి కూడా లెక్కపెట్టి ఫొటోలు తీయండి.

దీనికి తోడు, ఇంకో ద్వారం కూడా తట్టండి. హెలీన్ నష్టాల కోసం సమాఖ్య ప్రభుత్వం జార్జియా రాష్ట్రానికి 53 కోట్ల డాలర్ల పైచిలుకు బ్లాక్ గ్రాంటు, అంటే రాష్ట్రమే పంచిపెట్టే ఏకమొత్తం, ఇచ్చింది. ఇది మిగతా పథకాల్లో పట్టని వాటికి: కలప తోటలు, షెడ్లు, కంచెలు, భవిష్యత్తులో పోయే ఆదాయం. చెట్టు పోతే రాబోయే పదేళ్ల కాయ పోయినట్టే కదా, పెకాన్ రైతులు పట్టుబట్టింది ఆ చివరిదాని కోసమే. ఇది మీ కౌంటీ ఆఫీసులో కాదు, రాష్ట్ర వ్యవసాయ శాఖ దగ్గర. అలాగే బీమా లేని నష్టాల కోసం పెట్టిన అనుబంధ సాయం రెండో విడత గురించి కూడా అపాయింట్‌మెంటు రోజే అడగండి. వీటిలో మీ తోటకు ఇంకా ఏది తెరిచి ఉందో రెండు చోట్లా అడిగితే తేలుతుంది.

వచ్చే తుపాను గురించి కొంచెం. పెకాన్‌కు పంట బీమా ఉంది, కాయ దిగుబడి మీద వచ్చే ఆదాయానికి. ఒకసారి తీసుకుంటే రెండేళ్ల కట్టుబాటు. వ్యవసాయంలోకి వచ్చి పదేళ్లు దాటలేదు కాబట్టి ప్రీమియంలో మీకు అదనపు రాయితీ ఉంటుంది. మీరు రాయలేదుగానీ, 40, 18 పోను మిగిలిన రెండెకరాల్లో ఏముంది? మనవాళ్లు పొలం కొన్నాక బెండ, గోంగూర, కాకర వేయకుండా ఉండరు. అవి ఇండియన్ స్టోర్లకు అమ్ముతుంటే, బీమా దొరకని అలాంటి పంటలకు ఎన్ఏపీ అని వేరే పథకం ఉంది. పంటకు 325 డాలర్ల ఫీజు, కొత్త రైతులకు అది మాఫీ. చేత్తో కోసే ఇలాంటి పంటలకు నష్టం తెలిసిన 72 గంటల్లోనే ఆఫీసుకు చెప్పాలి, 15 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇంట్లోకి మాత్రమే వండుకుంటుంటే ఇదేమీ వద్దు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం మధ్యలో ఒక హెచ్చరిక. ఈమధ్య హెచ్1బీ మీద ఉండి పొలాలు కొంటున్నవాళ్లు నాకు వారానికొకరు ఫోను చేస్తున్నారు. పౌరసత్వం, గ్రీన్ కార్డు లేనివాళ్లు ఇక్కడ వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి తెలియజేయాలని 1978 నుంచి చట్టం ఉంది. మర్చిపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు. రియల్ ఎస్టేట్ ఏజెంటు ఇది చెప్పడు. మీకు గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నారు కాబట్టి మీకు ఈ టెన్షన్ లేదు.

కౌలు పద్ధతి మార్చుకోవాలా అంటే, నేనైతే మార్చను. వాటా కౌలులోకి వెళితే మీరూ ఎకరాల రిపోర్టులో చేరాలి, మీ వాటాకు మీరే బీమా కట్టాలి, పత్తి ధర పడితే మీరూ పడాలి. అట్లాంటాలో కూర్చుని అది చేయడం కష్టం.

ఆ పెద్దాయన దగ్గరికి మాత్రం వెళ్లండి, వేరే పని మీద. పెకాన్ మొక్కలు నాటేది డిసెంబరు, ఫిబ్రవరి మధ్య. గుంతలు పూడ్చి, మొద్దులు లాగేయడానికి లోడర్ ఉన్నవాడు కావాలి. ఆయన రేటు అడిగి, పనికి బిల్లు రాయించుకోండి. తుపాను తర్వాత మీ దారి ఖాళీ చేసినదానికి ఆయన బిల్లు రాయలేదు, ఇప్పుడూ వద్దంటాడేమో. వద్దన్నా రాయించండి, ఆ బిల్లు మీ దరఖాస్తుకు జతచేయాలి. ఆఫీసులో ఆ బల్ల దగ్గర ఎవరిని కలవాలో కూడా ఆయన్నే అడగండి, మీకన్నా ముప్పై ఏళ్ల ముందు నుంచి అక్కడికి వెళ్తున్నాడు.

రసీదు దొరికితే నాకు ఒక ముక్క రాయండి.